గమనం మీరే చదువుకోండి

ఇరవై రెండేళ్లుగా తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో పిల్లలకు అమెరికా యుద్ధాలు పాఠం చెబుతున్నాను. నేను అమెరికా చూడలేదు. చెన్నై విమానాశ్రయం కూడా లోపలికి వెళ్లి చూడలేదు, బయట కమ్మీల దగ్గరే నిలబడి చెయ్యి ఊపి వచ్చినదాన్ని. అయినా అమెరికావాళ్లు ఎవరితో ఎప్పుడు ఎందుకు కొట్లాడారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

నాదొక పద్ధతి ఉంది. బోర్డు మీద మూడు మాటలు రాస్తాను: కారణాలు, గమనం, ఫలితాలు. ఏ యుద్ధానికైనా ఇవే మూడు. కారణాలు ఏడు చెబుతాను, ఎనిమిదోది రాసినా మార్కు రాదు కాబట్టి. ఫలితాలు కూడా ఏడే. గమనం దగ్గరికి వచ్చేసరికి గడియారం చూసుకుని, "గమనం మీరే చదువుకోండి" అంటాను. ఎవరు ఏ కొండ ఎక్కారో, ఎవరు ఏ వాగులో పడ్డారో పరీక్షలో ఎవడూ అడగడు. ఒక్క ముచ్చట మాత్రం చెప్పేదాన్ని. అంతర్యుద్ధం మొదలైన కొత్తలో రాజధాని నుంచి జనం బుట్టల్లో తిండి సర్దుకుని, గుర్రబ్బండ్లు కట్టుకుని యుద్ధం చూడ్డానికి తిరనాళ్లకు పోయినట్టు పోయారు. సాయంత్రానికి ఓడిపోయిన సైన్యంతో పాటు వాళ్లూ పరుగో పరుగు. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. వాళ్లతో పాటు నేనూ.

నా తమ్ముడు వంటవాడు. మాది చిత్తూరు పక్క పల్లె. అమ్మా నాయనా తొందరగా పోతే వాణ్ణి నేనే చదివించాను. వాడికి చదువు అబ్బలేదు కానీ చెయ్యి తిరిగింది. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వెయ్యిమందికి ఒక్క పొయ్యి మీద అన్నం దించేవాడు, మెతుకు విరగకుండా. నేను పెళ్లి చేసుకోలేదు కాబట్టి వాడూ, వాడి పెళ్లామూ, నేనూ ఒకే ఇంట్లో ఉంటాం. మా మరదలు కూడా శ్రీ సిటీలోనే ఇంకో కంపెనీలో పని చేస్తుంది. తెల్లారగానే కంపెనీ బస్సెక్కి పోయి సాయంత్రం దిగుతుంది. పుట్టింది పెరిగింది తిరుపతి పాత ఊళ్లో, గంగమ్మ గుడి వెనక సందులో.

క్యాంటీన్ కాంట్రాక్టు మారి తమ్ముడికి పని పోయింది. నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. తర్వాత ఒక ఏజెంటు ద్వారా గల్ఫ్‌లో హోటల్లో వంట పని దొరికిందన్నాడు. విమానం గురువారం. అంతకు రెండు రోజుల ముందు, మంగళవారం, గంగమ్మ జాతరకు చాటింపు.

తిరుపతిలో ఇదొక కట్టుబాటు. చాటింపు పడితే జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటి పోయి బయట రాత్రి పడుకోకూడదు. బయటివాళ్లు ఇక్కడ పడుకోకూడదు. దాటితే అమ్మవారికి కోపం వస్తుందంటారు. పాత ఊరివాళ్లు దీన్ని ఈనాటికీ ప్రాణంలా పాటిస్తారు, పెళ్లిళ్లయినా వాయిదా వేసుకుంటారు తప్ప దాటరు. దానికొక ఉపాయం కూడా వాళ్ల దగ్గరే ఉంది. తప్పనిసరిగా పోవాల్సినవాణ్ణి చాటింపుకు ముందే ఊరు దాటించేస్తారు. ఊళ్లో లేనివాడికి చాటింపు తగలదు.

మరదలు అదే చేసింది. సోమవారమే వాణ్ణి పెట్టెతో సహా పుత్తూరులో మా చిన్నమ్మ ఇంటికి పంపించింది. మంగళవారం పొద్దున నేను వాడికి ఫోను చేశాను. దోమలు కుట్టి నిద్రే లేదన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎంఏ చదివిన అక్క ఉండగా నా తమ్ముడు దొంగలా పక్క ఊళ్లో దాక్కోవడమేమిటి? "ఎందుకురా ఈ ఎండల్లో? ఇంటికి రా" అన్నాను. వాడు మధ్యాహ్నానికి వచ్చేశాడు. మరదలు డ్యూటీ నుంచి వచ్చి వాణ్ణి చూసి, చేతి సంచి కింద పడేసి గడపలోనే కూర్చుంది.

"ఎందుకు పిలిపిచ్చినారు వదినా? ఈ పొద్దే కదా చాటింపు" అంది.

నేను నవ్వాను. "ఊరి పొలిమేర దాటితే ఏమవుతుంది పాపా, విమానం కూలుతుందా?" అన్నాను. నా నోటికి ఆ పూట అడ్డూ ఆపూ లేదు.

గురువారం కారు మాట్లాడి వాణ్ణి చెన్నైకి నేనే తీసుకుపోయాను. వీధి మలుపులో బండ వేషాలవాళ్లు ఒంటికి కుంకుమ పూసుకుని నిలబడి ఉన్నారు. ఊళ్లోంచి పోతున్న కారు చూసి ఒకడు నోటికొచ్చినట్టు తిట్టాడు. జాతరలో ఆ తిట్లు ఆశీర్వాదమే అంటారు. తమ్ముడు కిటికీలోంచి దణ్ణం పెట్టాడు.

వడమాలపేట టోల్‌గేటు దగ్గర బండ్లు ఆగి ఉన్నాయి. అప్పుడు చెప్పాడు వాడు.

"అక్కా, నీకొక మాట సెప్పల్ల. దానికి మాత్రం సెప్పొద్దు. నేను పోతా ఉండేది హోటల్‌కి కాదు. అమెరికావాళ్ల క్యాంపు. మిలిట్రీది. ఆడ మెస్సులో వంట."

"నీకెప్పుడు తెలుసు?"

"నెలాయె. ముందే సెప్పుంటే పంపిచ్చుండవు కదా. నేనేమన్నా తుపాకీ పట్టుకుంటానా అక్కా? అన్నం యాడ వండినా అన్నమే."

ఇక్కడ బండి తిప్పుకోవచ్చా అని డ్రైవర్ని అడగడానికి నోరు తెరిచాను కూడా. వెనక లారీవాడు హారన్ కొట్టాడు, ముందు గేటు లేచింది. నాలుగు నెలలు ఇంట్లో గోడ చూస్తూ కూర్చున్న తమ్ముడి ముఖంలో అప్పుడు ఒక వెలుగు ఉంది. "జాగ్రత్తగా ఉండు" అన్నాను. పుత్తూరు దాటేటప్పుడు చిన్నమ్మ ఇంటి సందు వైపు నేను చూడలేదు.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు వడ్డించాక వాడికి కాస్త ఖాళీ. అప్పుడు ఫోను చేసేవాడు. మరదలు సెలవు దొరికి ఇంట్లో ఉండి వింటుంటే హోటల్ కబుర్లు, ఆమె డ్యూటీలో ఉన్నప్పుడో, నేను నా గదిలోకి తెచ్చుకున్నప్పుడో క్యాంపు కబుర్లు. "సైరన్ మోగితే యాడుండేవాళ్లు ఆడ బోర్లా పడుకోవల్లంట అక్కా. వారానికొకసారి నేర్పిస్తారు. వంటోళ్లు పడుకుంటే అన్నం మాడతాదని మా మేస్త్రీ తిడతాడు" అని నవ్వేవాడు. నేనూ నవ్వినట్టు చేసి, ఫోను పెట్టేశాక మంచం మీద కూర్చుండిపోయేదాన్ని.

ఆ రోజుల్లోనే పేపర్లో అమెరికా పేరు, తమ్ముడున్న దేశానికి పొరుగు దేశం పేరు పక్కపక్కన రావడం మొదలైంది. హెచ్చరించారు. గడువు పెట్టారు. నౌకలు కదిలాయి. వేరేవాళ్లు ఈ మాటలు చదివి పేజీ తిప్పేస్తారు. నేను తిప్పలేను. ఈ మాటలు ఏ వరసలో వస్తాయో ఇరవై రెండేళ్లు నేనే చెప్పాను. హవానా రేవులో ఒక ఓడ పేలింది. ఎందుకు పేలిందో ఇంకా తేలకముందే స్పెయిన్ మీదికి యుద్ధానికి పోయారు. వియత్నాం దగ్గర సముద్రంలో తమ ఓడల మీద రెండోసారి దాడి జరిగిందన్నారు. ఆ రెండో దాడి జరగనే లేదని తర్వాత తేలింది. ఇరాక్‌లో ఉన్నాయన్న ఆయుధాలు దొరకనే లేదు. ఇవన్నీ నాకు ఏడు కారణాల్లో ఒకటో రెండో. వీటికి ఇన్నిన్ని మార్కులు.

మెక్సికో యుద్ధం గుర్తొచ్చిన రోజు మాత్రం అన్నం సహించలేదు. రెండు నదుల మధ్య నేల. ఇది మా పొలిమేర అని వీళ్లు, కాదు అది మాది అని వాళ్లు. అమెరికా సైన్యం ఒక నది దాటి రెండో నది దాకా పోయి కూర్చుంది. అంతే, రెండేళ్ల యుద్ధం. పొలిమేర దాటితే ఏమవుతుంది పాపా అని నేను నవ్విన మాట నా చెవుల్లోనే మోగింది. నేను గంగమ్మను నమ్మి భయపడలేదు. కానీ పొలిమేర దాటడం వల్ల జనం చావడం కట్టుకథ కాదని ఈ ఇంట్లో అందరికంటే బాగా తెలిసినదాన్ని నేనే కదా, ఎలా నవ్వగలిగానా అని సిగ్గేసింది.

మరదలి భయం వేరు. మంగళవారం మంగళవారం గుడికి పోయి తప్పు ఒప్పుకుని పొంగలి పెట్టి వచ్చేది. "నాకు గుండె దడగా ఉండాది వదినా" అనేది. "హోటల్లో చల్లగా ఉన్నాడు కదా, ఏం కాదు" అనేదాన్ని. ఒక ఇంట్లో ఇద్దరం ఒకే మనిషి కోసం భయపడుతూ, ఒకళ్లకొకళ్లం అక్కరకు రాకుండా పోయాం. తప్పు నాదే.

జూన్‌లో జవాబు పత్రాలు దిద్దే క్యాంపు పడింది. దాన్నీ క్యాంపు అనే అంటాం. గేటు దగ్గర ఫోన్లు సంచిలో వేసి ఇచ్చేయాలి. కట్ట పూర్తయ్యేదాకా వెనక్కి ఇవ్వరు. ఆ రోజు నాకు వచ్చిన కట్టలో ప్రశ్న, అమెరికా అంతర్యుద్ధానికి కారణాలు, ఫలితాలు. పొద్దున్నే ఒక పేపరు చూసి విసుక్కున్నాను. ఎవరో పిల్ల అడగని గమనం రెండు పేజీలు రాసింది. ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, పక్కన "అనవసరం" అని రాశాను.

పదకొండుకు టీ. బయట కొట్టు దాకా పోయి వచ్చిన ఎకనామిక్స్ సారు నా బల్ల దగ్గర ఆగాడు. "గల్ఫ్‌లో అమెరికా క్యాంపు మీద క్షిపణులు పడినాయంట మేడం. వచ్చే ఏడు మీకింకో పాఠం దొరికింది" అన్నాడు.

ఏ దేశంలో అని అడిగాను. చెప్పాడు. తమ్ముడు ఉన్న దేశమే.

ఆయన మీద కోపం రాలేదు. ఇంకొకరి తమ్ముడయ్యుంటే ఆ జోకు నేనే వేసేదాన్ని. ఫోను ఇమ్మని గేటు దగ్గరికి పోయాను. కట్ట అయితేగానీ ఇవ్వరన్నారు. తమ్ముడు అక్కడ ఉన్నాడని చెప్పి ఏడవొచ్చు. కానీ ఆ మాట బయటికి అంటే నిజమైపోతుందేమోనని నోరు రాలేదు. వెనక్కి వచ్చి కూర్చున్నాను. పొద్దున గీత కొట్టిన పేపరు మళ్లీ తీశాను. ఆ పిల్ల రాసింది: తూటాలకు పోయినవాళ్ల కంటే జ్వరాలకు, విరేచనాలకు పోయిన సైనికులే ఎక్కువ. వండుకోవడం రాక పచ్చివీ మాడినవీ తిని ఎందరో జబ్బు పడ్డారు. ఇది నాకు తెలియనిది కాదు. పుస్తకంలో ఉన్నదే. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా, ఆ సైన్యాలకు వండిందెవరు అని నేను ఆలోచించలేదు. నా పాఠంలో లక్షలమంది నడిచారు, ఒక్కడూ అన్నం తినలేదు. ఆ గీతను రుద్ది చెరపలేం. పక్కన నాలుగు మార్కులు వేసి సంతకం పెట్టాను.

ఒంటిగంటకు ఫోను చేతికొచ్చింది. తమ్ముడికి కలవలేదు. అరబ్బీలో ఏదో ఆడగొంతు చెప్పి ఆగిపోతోంది. ఇరవై సార్లు చేసి ఉంటాను. మరదలి ఫోను కంపెనీ లాకర్లో ఉంటుంది. ఆమెకు తెలిసే దారి లేదు. తెలిసినా భయపడదు, మొగుడు హోటల్లో ఉన్నాడు కదా.

మూడు గంటల నుంచి బైపాస్‌లో కంపెనీ బస్సు ఆగే చోట నిలబడ్డాను. పక్కన బజ్జీల బండి. నలుగురు ఒక ఫోను చుట్టూ మూగి, బజ్జీలు తింటూ ఆ వీడియోనే చూస్తున్నారు. నల్లటి పొగ, దాని కింద మంట. "అబ్బా, ఏమన్నా పడిందా అప్పా" అంటున్నాడొకడు. నేనూ మెడ చాచి చూశాను. ఆ పొగలో వంటగది ఎక్కడుంటుందా అని వెతికాను.

బస్సు దిగుతూనే నన్ను చూసి మరదలు ముఖం మాడిపోయింది.

"ఏమాయె వదినా?"

"వాడు హోటల్లో లేడు పాపా" అని మొదలుపెట్టి అంతా చెప్పాను. రోడ్డు పక్కన నిలబడి, సంచి పొట్టకు అదుముకుని వింది. ఏడవలేదు.

"మీకెప్పుడు తెలుసు?"

"పోయిన రోజే. వడమాలపేట గేటు దగ్గర."

"ఆడి నుంచి తిప్పుకోని వచ్చుండొచ్చు కదా" అంది మెల్లగా. "నాకీ యుద్ధాలు ఏమీ తెల్దు వదినా. నాకు తెలిసింది గంగమ్మ ఒకటే. ఏమీ తెలీనిదాన్ని నేను వద్దంటి. అన్నీ తెలిసినోళ్లు మీరు పంపిస్తిరి."

ఇద్దరం ఒకే ఆటోలో, చెరో అంచున కూర్చుని ఇంటికి వచ్చాం.

దీపాలు పెట్టే వేళకు ఆమె ఫోను మోగింది. వాడే. మొదట అన్న మాట, "అన్నం మాడిపాయె." సైరన్ మోగితే బోర్లా పడుకున్నాడట. అన్నం కింద పొయ్యి ఆపలేదని గుర్తొచ్చి పాక్కుంటూ పోయాడట. ఇంతలో కిటికీలన్నీ లోపలికి వచ్చిపడ్డాయి. వంటగదిలో ఎవరూ పోలేదు. ఎడమ చెవిలో మాత్రం హోరు తప్ప ఏమీ లేదు. నాయన పోయిన రోజు తర్వాత వాడి గొంతు అలా వణకడం మళ్లీ అప్పుడే విన్నాను.

"రేపొద్దున మళ్లా టిఫిన్లు పెట్టల్ల అక్కా. వాళ్లు తినల్ల కదా" అన్నాడు.

ఏడాది తిరిగాక వాడు నెల సెలవు మీద వచ్చాడు. మనిషి బాగానే ఉన్నాడు. ఎవరైనా మాట్లాడితే తల తిప్పి కుడి చెవి వాళ్ల వైపు పెడతాడు. వీధిలో జాతర డప్పు సాధన మొదలైతే చేతిలో గ్లాసు కింద పెట్టి గోడ పక్కకు జరుగుతాడు. ఆ సంగతి వాడికే తెలియదు. ఫలితాలు అని నేను రాయించే ఏడింటిలో ఇలాంటిది ఒక్కటీ లేదు.

తిరుగు విమానం మళ్లీ గురువారమే పడింది. చాటింపు మంగళవారం.

విచిత్రమేమంటే ఈసారి మరదలికి భయం లేదు. అమ్మవారు తప్పు కాచిందని, కాచినావిడ ఎప్పుడూ కాస్తుందని ఆమె నమ్మకం. "అయినా ఎందుకొచ్చింది వదినా, సోమవారమే పుత్తూరికి పంపిచ్చేద్దామా?" అంది.

"ఎందుకులే, ఈ ఎండల్లో. ఇంట్లోనే ఉండనీ" అన్నాను. పోయిన ఏడు అన్న మాటే. కానీ ఈసారి నా లెక్క వేరు. చాటింపు వాడికి తగలాలి. తగిలితే ఆపడానికి నా చేతిలో ఒక సాకు ఉంటుంది. నమ్మని దేవతను అడ్డం పెట్టుకునే గతి పట్టింది నాకు.

బుధవారం పొద్దున వాడు పెట్టె సర్దుతున్నాడు. మామిడికాయ ఊరగాయ గుడ్డలో చుడుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి, "పోవద్దురా" అన్నాను. ఏడాది క్రితం టోల్‌గేటు దగ్గర అనాల్సిన మాట అది.

"ఏమక్కా?"

ఏ యుద్ధానికైనా ఏడు కారణాలు చెప్పగలను. గల్ఫ్‌లో నౌకలు మళ్లీ ఎటు కదులుతున్నాయో చెప్పగలను. ఆ పూట నోటికి వచ్చింది ఒక్కటే.

"చాటింపు పడింది."

వాడు చేతిలో జాడీ కింద పెట్టి నవ్వాడు. "నువ్వేనా అక్కా ఈ మాట సెప్పేది? పొలిమేర దాటితే విమానం కూలుతాదా?" అన్నాడు. అచ్చం నేను నవ్వినట్టే నవ్వాడు. నవ్వేవాళ్ల ఎదురుగా నిలబడితే ఎలా ఉంటుందో మరదలికి ఏడాది ముందే తెలుసు.

గురువారం వాడు వెళ్లాడు. ఇవాళ మూడో శుక్రవారం. అన్నాలు వడ్డించి వాడు ఫోను చేసే వేళ దాటి ముప్పావుగంట అయింది. మరదలు డ్యూటీలో ఉంది, ఆమె ఫోను లాకర్లో ఉంది. ఈసారి కూడా ఏ వార్త వచ్చినా ముందు నాకే తెలుస్తుంది. పేపరు తెరవలేదు, టీవీ పెట్టలేదు. ఫోను ఎదురుగా పెట్టుకుని ఇది రాస్తున్నాను.